దోహలనో దుబాయిలనో రాత్రంత ఆగాల్సొస్తే పిల్లగాండ్లతోని ఎట్ల

అమెరికల ఉండే మన నల్గొండ, మిర్యాలగూడ, పాలమూరు దిక్కోళ్లు సెలవులకు ఇంటికొచ్చేటప్పుడు శానామందికి దోహ, దుబాయ్, అబుదాబి ఏదో ఒక కాడ రాత్రి పడ్తది. పెద్దోళ్లమైతే ఎట్లనో గడుపుతం, పిల్లలుంటేనే కథ.

సగం పని టికెట్ కొనేకాడనే ఉంటది. మూడు గంటల గ్యాప్ ఐతే జర ఉరుకులాట గని పర్లేదు, పది పన్నెండు గంటలైతే రూమ్ తీస్కొని పండొచ్చు, నడిమిట్ల ఆరేడు గంటలది ఉంటది సూడుండ్రి, రాత్రి పదకొండుకు దిగి పొద్దుగాల ఆరుకు ఎక్కేది, నా లెక్కల అదే అన్నిట్లకన్న దరిద్రం, రూమ్‌కు పైసలు పెట్టబుద్ధి కాదు, కుర్చీల నిద్ర రాదు. పది ఇరవై డాలర్లు ఎక్కువైనా అది వద్దు. అన్ని ఫ్లైట్లు ఒక్క టికెట్ మీదనే ఉండాలె, వేరేవేరే కొంటే బ్యాగులు మళ్ల మీరే తీస్కోవాల్సొస్తది, దానికి వీసా కావాల్నో ఏమో అదొక లొల్లి.

హోటల్ సంగతి. ఎమిరేట్స్‌కు దుబాయ్ కనెక్ట్ అని ఉంది, గ్యాప్ ఎక్కువుంటే వాళ్లే హోటల్ ఇచ్చేది, కనీసం 24 గంటల ముందే పెట్టుకోవాలె, కానీ తక్కువ గ్యాప్ ఫ్లైట్ ఉండంగ చీప్ అని మీరే లాంగ్ గ్యాప్‌ది కొంటే ఇయ్యరు. బయటికి పోవుడు వద్దనుకుంటే దోహల ఓరిక్స్ హోటల్, దుబాయిల దుబాయ్ ఇంటర్నేషనల్ హోటల్ ఎయిర్‌పోర్ట్ లోపట్నే ఉంటయి, గంటల లెక్కన తీస్కోవచ్చు. ముందే బుక్ చేస్కోండ్రి, అప్పటికప్పుడు అడిగితే ఉండకపోవచ్చు.

రూమ్ లేకుంటే? దిగంగనే పిల్లలను పండవెట్టనీకి సూడకుండ్రి. ఎండకాలంల దోహల రాత్రి పన్నెండంటే డాలస్‌ల సాయంత్రం నాలుగు, వాళ్లకది స్కూల్ నుంచొచ్చి ఆడుకునే టైమ్, ఎంత తిట్టినా కండ్లు ముయ్యరు. రెండు గంటలు మంచిగ ఉరికియ్యండ్రి. దోహల పెద్ద పసుపుపచ్చ టెడ్డీ బొమ్మ ఉంటది, టర్మినల్ లోపట్నే అటీటు తిరిగే రైలుంటది, పిల్లలకు అదే సగం పండుగ, మా చిన్నోడైతే దిగుడు ఎక్కుడు దిగుడు ఎక్కుడు, ఆఖరికి వానికే యాష్టొచ్చింది. తర్వాత పొట్ట నిండ తినవెట్టి, పండ్లు తోమిపిచ్చి, నైట్ డ్రెస్ వేస్తే వాళ్లే దారికొస్తరు.

పండనీకి క్వయట్ రూమ్‌లు వెతకుండ్రి, ఆడోళ్లకు మగోళ్లకు వేరేవేరే ఉంటే తల్లితోని ఒకరు తండ్రితోని ఒకరు. లేకుంటే జనం తిరగని మూలకు కార్పెట్ మీద చెద్దరు పర్సుడే. ఎవరన్న సూస్తరేమో అని సిగ్గుపడకుండ్రి, ఆ టైంల అందరూ అట్లనే పంటరు. ఏసీ గడగడ వణికిస్తది, ఎండకాలమైనా స్వెట్టర్, సాక్సులు పై బ్యాగులనే ఉండాలె. పాస్‌పోర్ట్‌ల సంచి తలకింద, బ్యాగు పట్టీ కాలుకు చుట్టుకోండ్రి. ఇద్దరు ఒక్కసారే పండొద్దు, వంతులేస్కోండ్రి. పిల్లల చెయ్యి మీద పెన్నుతోని వాట్సాప్ నంబర్ రాయండ్రి.

తిండికి పులిహోర, చపాతీలు, సకినాలు, మురుకులు. పెరుగు, తొక్కు డబ్బాలు పై బ్యాగుల పెట్టొద్దు, మారేకాడ మళ్ల చెకింగ్ ఉంటది, 100 మిల్లీలీటర్లు దాటితే పడేస్తరు. నీళ్ల సీసా కూడ ఖాళీదే పట్కపోండ్రి, లోపల నింపుకోవచ్చు. పసిపిల్లల పాలకు చెకింగ్‌ల అడ్డు చెప్పరు, వేడినీళ్లు కాఫీ షాపోళ్లను అడిగితే ఇస్తరు. పవర్ బ్యాంక్ చేతి బ్యాగులనే, కిందికేసే సూట్‌కేసుల వద్దు.

ఇంటి నుంచి తిరిగి పోయేటప్పుడు ఒకటి యాది పెట్టుకోండ్రి. అమ్మ మసాలల ఏస్కొమ్మని గసగసాల పొట్లం సర్దుతది, దుబాయిల అది డ్రగ్స్ లెక్క, బుక్కైతరు. పొట్లం ఇంట్లనే తీసిపెట్టుండ్రి. పిల్లల దగ్గు మందు ఉంటే డాక్టర్ చీటీ జతకు పెట్టుండ్రి.

టైమ్ కాడ పొరపాటు జరుగుతది. బోర్డింగ్ పాస్ మీద అక్కడి టైమే ఉంటది, దోహ మనకన్న రెండున్నర గంటలు వెనక, దుబాయ్ గంటన్నర. నానమ్మ చేతి గడియారం నల్గొండ టైమ్‌లనే ఉంటది, దాన్ని నమ్మొద్దు. దుబాయిల బోర్డింగ్ పిలుపులు మైకుల రావు, స్క్రీన్ సూస్కోవాల్సిందే, గేట్ కూడ మారుతది. రెండు ఫోన్లల అలారం పెట్టి, బోర్డింగ్‌కు గంట ముందే లేపుండ్రి, నిద్రమబ్బుల ఉన్న పోరగాన్ని బాత్రూంకు తీస్కపోయి షూస్ తొడగనీకే ఇరవై నిమిషాలు. స్ట్రోలర్ గేటు కాడ ఇస్తరా, శంషాబాద్‌లనే ఇస్తరా అని మొదటి ఫ్లైట్ ఎక్కేటప్పుడే అడిగి పెట్టుకోండ్రి.

ఇంక శంషాబాద్‌ల దిగినంక తీస్కపోనీకొచ్చేటోళ్లకు ముందే చెప్పుండ్రి, ఊరంత కలిసి రావొద్దని. ఆరు సూట్‌కేసులు, నిద్రపోయే ఇద్దరు పిల్లలు, కార్ల సీట్లు ఖాళీ ఉండాలె కదా. ఔటర్ మీదికెళ్లి పెద్ద అంబర్‌పేట కాడ విజయవాడ రోడ్ ఎక్కేలోపల వాళ్లు మళ్ల పంటరు, టిఫిన్‌కని నార్కట్‌పల్లిల లేపకుండ్రి.