రిటైర్మెంట్ తేదీ మీరే ఎలా పెట్టుకోవాలి?

హైదరాబాదులో ఒకే అపార్టుమెంటులో నలుగురు నాలుగు రకాలుగా రిటైరవుతారు. తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగికి 61 ఏళ్లు, 2021 మార్చి దాకా అది 58. రైల్ నిలయంలో పనిచేసే పక్క ఫ్లాటాయనకు కేంద్రం లెక్క ప్రకారం 60. కుటుంబాన్ని ఇక్కడే ఉంచి విజయవాడ తిరుగుతున్న ఆంధ్రప్రదేశ్ ఉద్యోగికి 62. మాదాపూర్‌లో పనిచేసే ప్రాజెక్టు మేనేజరుకు మాత్రం ఏ వయసూ రాసిపెట్టి లేదు. 48 ఏళ్లకే ఒక శుక్రవారం హెచ్‌ఆర్ వాళ్లు పిలిచి చెప్పేయవచ్చు.

కాబట్టి ఫలానా వయసుకు మానేయండి అని ఎవరూ చెప్పలేరు. తేదీ ఎవరు పెట్టినా, దానికి కనీసం మూడేళ్ల ముందు కింది పనులు మొదలుపెట్టండి. మూడేళ్లే ఎందుకో ఆరోగ్య బీమా దగ్గర తెలుస్తుంది.

1. ముందు కాగితం మీద తేదీ చూసుకోండి

ప్రభుత్వ ఉద్యోగులైతే సర్వీసు రిజిస్టరులో పుట్టిన తేదీ ఎలా పడిందో చూడండి. పుట్టిన నెల ఆఖరి రోజున పదవీ విరమణ. ఒకటో తేదీన పుట్టినవాళ్లు మాత్రం అంతకు ముందు నెల ఆఖరుకే దిగిపోవాలి. ఈ ఒక్క రోజు తేడా తెలియక నెల జీతం లెక్క తప్పేవాళ్లున్నారు. ప్రైవేటువాళ్లు పీఎఫ్ పాస్‌బుక్‌లో పేరు, పుట్టిన తేదీ, చేరిన తేదీ, మానేసిన తేదీ ఆధార్‌తో సరిపోయాయో లేదో చూడండి. పాత కంపెనీల్లో మానేసిన తేదీ ఎక్కించకుండా వదిలేయడం మామూలే. ఆ కంపెనీ ఇంకా తెరిచి ఉండగానే సరిచేయించుకోండి.

2. ఇల్లు నడవడానికి ఎంతవుతుందో రాయండి

ఏడాది బ్యాంకు స్టేట్‌మెంటు, ఫోన్లో చేసిన చెల్లింపులు ముందు పెట్టుకుని కూర్చోండి. సరుకులు, పాలు, కరెంటు, అపార్టుమెంటు మెయింటెనెన్స్, పనమ్మాయి జీతం, మందులు ఒక వైపు. ఏడాదికోసారి పడేవి ఇంకో వైపు: ఆస్తి పన్ను, బీమా ప్రీమియం, కారు ఖర్చు, ఎండాకాలం నీళ్ల ట్యాంకర్లు. పెళ్లిళ్లు, గృహప్రవేశాలకు పెట్టే చదివింపులు విడిగా రాయండి. ఈ ఊళ్లో మాఘం, ఫాల్గుణం వచ్చాయంటే ఆ ఖర్చు పనమ్మాయి జీతాన్ని దాటిపోతుంది, ఉద్యోగం మానేసినంత మాత్రాన శుభలేఖలు రావడం మానవు.

ఆఫీసు మానేస్తే పెట్రోలు, బట్టలు, బయట టీ టిఫిన్లు తగ్గుతాయి. మందులు, డాక్టర్లు, ప్రయాణాలు పెరుగుతాయి. మొత్తం మీద ఖర్చు సగానికి పడిపోతుందని అనుకోకండి. ధరలు ఏటా 6 శాతం పెరిగితే పన్నెండేళ్లలో రెట్టింపవుతాయి. మీ 60వ ఏట 50 వేలతో నడిచే ఇంటికి మీకు 72 ఏళ్లు వచ్చేసరికి లక్ష కావాలి.

3. చేతికి వచ్చేది లెక్కేయండి

ప్రభుత్వ పెన్షనరుకూ ప్రైవేటు పెన్షనరుకూ దారులు వేరయ్యేది ఇక్కడే. పాత పెన్షన్‌లో ఉన్నవాళ్లకు ధరలను బట్టి ఇచ్చే కరువు భృతి (డీఆర్) పెరుగుతూ ఉంటుంది. రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరినవాళ్లు ఎక్కువగా సీపీఎస్ (ఉద్యోగి, ప్రభుత్వం చెరికొంత జమచేసే పెన్షన్ పథకం) కిందే ఉన్నారు. వాళ్లు తమ ఖాతాలో ఎంత పోగయిందో, దాని మీద నెలకు ఎంత వస్తుందో చూసుకోవాలి.

ప్రైవేటువాళ్లు పీఎఫ్‌లో భాగంగా వచ్చే పెన్షన్ మీద పెద్ద ఆశలు పెట్టుకోవద్దు. దాని సూత్రం ఇది: పెన్షన్‌కు లెక్కలోకి తీసుకునే జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించాలి. ఎక్కువ మందికి ఆ జీతం 15,000 దగ్గరే ఆగిపోతుంది. 30 ఏళ్ల సర్వీసున్నా నెలకు ఏడు వేలు దాటదు. 2014కు ముందు సర్వీసుకు పరిమితి 6,500 కాబట్టి ఇంకా తగ్గవచ్చు కూడా. పైగా దీనికి డీఏ లేదు, 58వ ఏట వచ్చిన మొత్తమే 78వ ఏటా వస్తుంది. లక్షన్నర జీతం తీసుకున్న మనిషి ఈ అంకె చూసి కంప్యూటరు తప్పు చేసిందనుకోవడం నేను చూశాను.

ఈ పెన్షన్ 58కి మొదలవుతుంది, కనీసం పదేళ్ల సర్వీసు ఉండాలి. 50 దాటితే ముందే తీసుకోవచ్చు గానీ ముందుకు జరిపిన ప్రతి ఏడాదికీ 4 శాతం కోత, అదీ జీవితాంతం. 52కు ఉద్యోగం పోయినంత మాత్రాన 52కే పెన్షన్ అడగాలని లేదు. చేసిన సర్వీసుకు రుజువుగా పీఎఫ్ ఆఫీసు ఇచ్చే స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుని 58 దాకా ఆగవచ్చు.

గ్రాట్యుటీ లెక్క తేలిక. ఆఖరి మూల వేతనం, డీఏ కలిపి 15తో గుణించి 26తో భాగించి, దాన్ని సర్వీసు ఏళ్లతో గుణిస్తే చాలు. 52,000 మీద 20 ఏళ్లకు 6 లక్షలు వస్తాయి.

చేతికొచ్చిన సొమ్ములో కొంత పోస్టాఫీసులోనో బ్యాంకులోనో సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో వేయండి. ఒక్కొక్కరికి 30 లక్షల దాకా పరిమితి, మూడు నెలలకోసారి వడ్డీ వస్తుంది. 8.2 శాతం చొప్పున 30 లక్షలకు మూడు నెలలకు 61,500. రేటును ప్రభుత్వం మూడు నెలలకోసారి ప్రకటిస్తుంది గానీ మీరు వేసిన రోజున ఉన్న రేటే అయిదేళ్లూ నడుస్తుంది. 60 నిండిన భార్యాభర్తలు చెరో ఖాతా తెరవవచ్చు. 55 దాటి రిటైరైనవాళ్లు 60 దాకా ఆగనక్కర్లేదు, కాకపోతే డబ్బు చేతికొచ్చిన మూడు నెలల్లోపు వేయాలి.

ఇక ప్లాట్ల సంగతి. మన ఊరి మధ్యతరగతి ఆస్తి బ్యాంకులో కన్నా ఘట్‌కేసర్‌లోనో షాద్‌నగర్‌లోనో ఎక్కువగా ఉంటుంది. కాగితం మీద కోటి రూపాయల మనిషే, నెలాఖరుకు కూతుర్ని పదివేలు అడుగుతాడు. రెండు ప్లాట్లుంటే ఒకటి రిటైర్మెంట్‌కు ముందే, మంచి బేరం వచ్చినప్పుడు అమ్మి నెలనెలా వడ్డీ వచ్చే చోట పెట్టండి. రేపు ఇంకా పెరుగుతుంది కదా అంటారు, పెరగవచ్చు. అయితే మీ మందుల షాపువాడు ప్లాటు గజాల్లో డబ్బు తీసుకోడు.

4. ఆరోగ్య బీమా మూడేళ్ల ముందే తీసుకోండి

కంపెనీ ఇచ్చే గ్రూపు బీమా చాలా చోట్ల ఆఖరి పనిదినంతోనే ముగుస్తుంది. ఆ రోజు దాకా ఆగి కొత్త పాలసీకి వెళితే బీపీ, షుగరు లాంటి ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు నిరీక్షణ కాలం పెట్టవచ్చు. ఉద్యోగంలో ఉండగానే సొంత పాలసీ తీసుకుంటే ఆ మూడేళ్లూ కంపెనీ బీమా నీడలో గడిచిపోతాయి. ఇప్పటికే ఆలస్యమైతే, గ్రూపు పాలసీ నుంచి అదే కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారే వీలు అడగండి, గడిచిన కాలం కలిసొస్తుంది. 65 దాటితే పాలసీ ఇవ్వరన్నది పాత మాట. ఆ వయోపరిమితిని 2024లోనే తీసేశారు. వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్టీ కూడా 2025 సెప్టెంబరు 22 నుంచి లేదు. కేంద్ర పెన్షనర్లు కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం సీజీహెచ్ఎస్‌కు పదేళ్ల చందా ఒకేసారి కడితే జీవితాంతం కార్డు వస్తుంది.

5. ఇంట్లో కూర్చుని మాట్లాడండి

డబ్బు లెక్కలకు పది పేజీలు రాసుకున్నవాళ్లు కూడా ఈ పని ఎగ్గొడతారు. నా ఉద్దేశంలో అన్నిటికన్నా కష్టమైనది ఇదే.

మగవాళ్లు రిటైరైతే ఇల్లు ఇబ్బంది పడుతుంది. ముప్ఫై ఏళ్లుగా తొమ్మిదింటికి డబ్బా పట్టుకుని వెళ్లిపోయిన మనిషి ఇప్పుడు పదకొండింటికి వంటింటి గుమ్మంలో నిలబడి, "కందిపప్పు ఇంత ఎందుకు కొన్నావు?" అంటాడు. ఆమె పగటి పూట తనకంటూ కుదుర్చుకున్న సమయం, టీవీ, పక్కింటివాళ్లతో కబుర్లు, ఓ కునుకు, అన్నీ పోతాయి. రెండు గంటలకోసారి టీ కూడా ఆమె పనే. "మీకు రిటైర్మెంట్ వచ్చింది సరేనండీ, నాకెప్పుడు?" అని ఆవిడ అడిగితే చెప్పడానికి జవాబు ఉండాలి. పొద్దుటి కాఫీ ఎవరు పెట్టాలి, కూరగాయలు, గ్యాస్, బిల్లులు ఎవరు చూడాలి, పగలు ఎవరు ఏ గదిలో ఉండాలి, ఇవన్నీ ముందే మాట్లాడుకోండి. నవ్వొస్తుంది గానీ గొడవలు మొదలయ్యేవి సరిగ్గా వీటి దగ్గరే.

ఆడవాళ్లు రిటైరైతే లెక్క తలకిందులవుతుంది. టీచరుగానో బ్యాంకులోనో ముప్ఫై ఏళ్లు చేసి వచ్చినావిడను చూసి ఇల్లు సంబరపడుతుంది: ఇక ఇంట్లోనే ఉంటారుగా! వంటమనిషిని మాన్పిస్తారు. మనవడి క్రెచ్ మాన్పిస్తారు. కొండాపూర్‌లో ఉన్న కోడలు, "అత్తయ్యా, మీరుంటే నాకు బెంగే ఉండదు" అంటుంది, ప్రేమగానే అంటుంది. ఆవిడ కొత్త ఉద్యోగం ఆర్డరు లేకుండా, జీతం లేకుండా మర్నాడే మొదలవుతుంది. మనవలను చూసుకోవడం ఇష్టమే అయినా వారానికి ఎన్ని రోజులు, ఏ టైము దాకా అన్నది రిటైర్మెంట్‌కు ముందే చెప్పేయండి. తర్వాత చెబితే కోపం వచ్చి చెప్పినట్టు వినిపిస్తుంది.

అమెరికా ప్రయాణం కూడా ఈ మాటల్లోనే తేలాలి. విజిటర్ వీసా మీద ఒకసారి వెళ్తే మామూలుగా ఆరు నెలల వరకు ఉండనిస్తారు. పిల్లలు ఆరు నెలలూ ఉండమంటారు. చలికాలంలో నడక లేక, కారు లేక, మాట్లాడే మనిషి లేక మూడో నెలకే విసుగొచ్చిందని చెప్పేవాళ్లు చాలామంది. మొదటిసారికి మూడు నెలలు పెట్టుకోండి. ట్రావెల్ బీమా ఉన్న జబ్బులకు పూర్తిగా వర్తించకపోవచ్చు, షరతులు చదివి తీసుకోండి.

6. ఒక నెల నటించి చూడండి

సెలవులుంటే ఒక నెల పెట్టండి. తిరుపతి, ఊటీ వద్దు, ఇంట్లోనే ఉండండి. మూడో అంశంలో తేలిన మొత్తం ఒక ఖాతాలో వేసి దానితోనే నెల గడపండి. ఇరవయ్యో తేదీకే ఖాళీ అయితే ఇంకో రెండేళ్లు చేయాలేమో ఆలోచించండి. డబ్బు మిగిలి, పదో రోజుకే ఆఫీసు గ్రూపులో మెసేజీలు చూసుకుంటూ కూర్చుంటే సమస్య డబ్బు కాదన్నమాట. అలాంటివాళ్లు ఒకేసారి మానకుండా వారానికి రెండు మూడు రోజుల పని ఎక్కడైనా వెతుక్కోవడం మేలు.

7. డబ్బు చేతికొచ్చిన ఆరు నెలలూ జాగ్రత్త

ఆ డబ్బు సంగతి మీకన్నా ముందు ఊరికి తెలుస్తుంది. ప్రీలాంచ్ ఆఫరని, సగం ధరకే ఫ్లాటని వచ్చేవాళ్లను రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. మరీ చిన్న ప్రాజెక్టులు తప్ప, అది లేకుండా అమ్మకానికి పెట్టడమే చట్టవిరుద్ధం. పోలీసులమని వీడియో కాల్ చేసి డిజిటల్ అరెస్టు అంటే ఫోన్ పెట్టేయండి, అలాంటి అరెస్టు చట్టంలో లేదు. డబ్బు పోయినట్టు అనుమానం వస్తే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

కొడుకు ఫ్లాటుకు మార్జిన్ మనీ అడిగితే ఇవ్వగలిగినంతే ఇవ్వండి. ఉన్న ఇల్లు మాత్రం బతికుండగా గిఫ్ట్ డీడ్ చేయకండి, వీలునామా చాలు. అది ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఇప్పటికే గిఫ్ట్ ఇచ్చేసి, చూసుకుంటామన్న షరతు వాళ్లు తప్పితే 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల చట్టం 23వ సెక్షన్ కింద ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567. అక్కడిదాకా రాకుండా చూసుకోవడం ఇంకా సులువు.

8. రోజుకు ఒక బయటి పని పెట్టుకోండి

పొద్దున కేబీఆర్ పార్కో ఇందిరా పార్కో మీకు తెలిసిందే. సమస్యంతా పదిన్నరకూ అయిదున్నరకూ మధ్య. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లండి. పోటీ పరీక్షల పిల్లలు కుర్చీలన్నీ ఆక్రమించి ఉంటారు, పేపర్ల దగ్గర చోటు దొరికించుకోవాలి. సాయంత్రం అక్కడికి దగ్గర్లోనే త్యాగరాయ గానసభలో ఏదో ఒక సభో కచేరీయో ఉంటుంది. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనూ అంతే. ఆడవాళ్లకు 2023 డిసెంబరు 9 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. ఎల్బీనగర్ నుంచి రవీంద్రభారతికి రావడానికి ఎవరి కారూ అడగక్కర్లేదు.

ఒక్క సలహా మాత్రం మొహమాటం లేకుండా చెబుతాను. మొదటి ఏడాది అపార్టుమెంటు అసోసియేషన్ సెక్రటరీ పదవి ఒప్పుకోకండి. "మీరు ఖాళీయే కదండీ" అంటూ వస్తారు. లిఫ్టు, మోటారు, పార్కింగ్ తగాదాలతో ఉన్న నాలుగు స్నేహాలూ పోతాయి.

9. కాగితాలు

నామినీ పేర్లు అన్ని ఖాతాల్లోనూ చూడండి, కొందరికి ఇంకా అమ్మగారి పేరే ఉంటుంది. పీపీవో (పెన్షన్ చెల్లింపు ఆర్డరు) నంబరు, బీమా పాలసీ, లాకరు తాళం ఎక్కడున్నాయో భార్యకో భర్తకో తెలియాలి, కుటుంబ పెన్షన్ ఆ కాగితాల మీదే నడుస్తుంది. ఆధార్‌కు మీ సొంత ఫోన్ నంబరే ఉండాలి, అబ్బాయిది కాదు. కేంద్ర పెన్షనర్లు నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి, 80 దాటినవాళ్లు అక్టోబరు నుంచే ఇవ్వవచ్చు. పీఎఫ్ పెన్షనర్లు ఏ నెలలో ఇచ్చినా ఏడాది చెల్లుతుంది. ఇప్పుడు ఫోన్లో మొహం చూపించి జీవన్ ప్రమాణ్, అంటే డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్, పూర్తిచేయవచ్చు. వెలుతురున్న కిటికీ దగ్గర, కళ్లజోడు తీసి కూర్చుంటే ఎక్కువసార్లు మొదటి ప్రయత్నంలోనే అయిపోతుంది.