జిమ్‌కు వెళ్లిన రోజునే సిట్టింగ్: ఈ ముడిని విప్పుకోవడం ఎలా?

వ్యాయామం అలవాటున్న విద్యార్థి మందు జోలికి పోడని చాలామంది పెద్దలు నమ్ముతారు. అయితే అమెరికాలోని కళాశాల విద్యార్థులపై జరిగిన పలు అధ్యయనాల్లో, ఎక్కువగా వ్యాయామం చేసేవారిలోనే తాగుడు కూడా ఎక్కువగా కనిపించింది. ఒకటి మరొకదానికి కారణమని దీనర్థం కాదు. జట్టుగా ఆడినవారు జట్టుగానే సిట్టింగ్ వేయడం, ఇంత కష్టపడ్డాం కాబట్టి ఈ పూటకు పరవాలేదనుకోవడం, రాత్రి తాగింది తెల్లవారి ట్రెడ్‌మిల్ మీద కరిగించవచ్చని ధైర్యపడడం మన హాస్టళ్లలోనూ ఉన్నవే. వీటిలో చివరిదే ఎక్కువ హాని చేస్తుందని నా అభిప్రాయం.

ముందుగా ఒక నెలపాటు ఫోన్ క్యాలెండర్‌లో ఆడిన రోజునూ, తాగిన రోజునూ గుర్తు పెట్టుకోండి. ఆట ముగిసిన సాయంత్రమే తాగుతున్నారని తేలితే, మానాల్సింది ఆట కాదు, ఆ తర్వాత కలిసే చోటును మార్చాలి. మైదానం నుంచి నేరుగా భోజనానికి వెళ్దామని జట్టులో ఒక్కరు ముందే చెప్పి ఉంచితే, తాగడం ఇష్టం లేకపోయినా మొహమాటానికి కూర్చునే మరో ఇద్దరికి కూడా ఊరట దొరుకుతుంది.

తాగినదాన్ని కరిగించడానికే పరుగెడుతున్నవారు ఈ లెక్క చూడాలి. గ్రాము ఆల్కహాల్‌లో 7 కిలోక్యాలరీలు ఉంటాయి. 42.8 శాతం ఆల్కహాల్ ఉన్న విస్కీ క్వార్టర్‌లో, అంటే 180 మిల్లీలీటర్లలో, దాదాపు 60 గ్రాముల ఆల్కహాల్, 420 కిలోక్యాలరీలు ఉంటాయి. కూల్‌డ్రింక్, మంచింగ్ దీనికి అదనం. 70 కిలోల మనిషి ఆ క్వార్టర్ వరకే ఖర్చు చేయాలన్నా సుమారు 6 కిలోమీటర్లు పరుగెత్తాలి. పరుగెత్తినా కాలేయం పని మాత్రం వేగవంతం కాదు. అది గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాముల ఆల్కహాల్‌ను మాత్రమే విచ్ఛిన్నం చేయగలదు కనుక, అర్ధరాత్రి ముగించిన క్వార్టర్ ఉదయం 6 గంటలకు కూడా రక్తంలో మిగిలి ఉండవచ్చు. ఆ స్థితిలో బరువులెత్తడం, బైక్ నడపడం, ఈతకు దిగడం ప్రాణాల మీదికి తెస్తాయి.

క్యాలరీలు మిగుల్చుకోవాలని రాత్రి భోజనం మానేసి తాగడం అంతకన్నా చెడ్డది, ఎందుకంటే ఖాళీ కడుపులో ఆల్కహాల్ త్వరగా రక్తంలో చేరుతుంది. కండ పెంచాలనుకునేవారు మరో విషయం తెలుసుకోవాలి: 2014లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, వ్యాయామం తర్వాత ప్రొటీన్‌తో పాటు భారీ మోతాదులో ఆల్కహాల్ తీసుకున్న యువకుల కండరాల్లో కొత్త ప్రొటీన్ తయారీ, ప్రొటీన్ మాత్రమే తీసుకున్నప్పటికంటే 24 శాతం తగ్గింది. పైగా ఆల్కహాల్ మూత్రాన్ని పెంచుతుంది కాబట్టి, చెమటతో ఇప్పటికే నీరు కోల్పోయిన శరీరం మరింత ఎండిపోతుంది. అందువల్ల వ్యాయామం చేసిన సాయంత్రం తాగకపోవడమే మంచిది. తాగిన మర్నాడు జిమ్ మానేసి, నీళ్లు, మజ్జిగ, నిద్రతో శరీరాన్ని కోలుకోనివ్వండి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు, బి.టెక్. విద్యార్థుల్లో అత్యధికులు ఈ వయసు లోపువారే.

తాగిన స్నేహితుడు పిలిచినా పలకకపోయినా, శ్వాస మందగించినా పక్కకు తిప్పి పడుకోబెట్టి, వెంటనే 108కు ఫోన్ చేయండి. వార్డెన్‌కు తెలుస్తుందన్న భయంతో గదిలో వదిలి వెళ్లకండి. మానాలనుకున్నా మానలేకపోతున్నవారు 14446కు ఫోన్ చేసి సహాయం పొందవచ్చు.