కాలిఫోర్నియాలో వివక్షపై ఫిర్యాదు చేసే ముందు జాగ్రత్తలు

ఉద్యోగంలోనో, అద్దె ఇంటి విషయంలోనో వివక్ష ఎదురైతే కాలిఫోర్నియాలో ఆశ్రయించవలసింది రాష్ట్ర పౌర హక్కుల శాఖను. ఫిర్యాదుకు రుసుము లేదు, లాయరు ఉండి తీరాలనీ లేదు.

• ముందు తేదీలు చూసుకోండి. ఉద్యోగానికి సంబంధించినదైతే చివరి ఘటన నుంచి 3 ఏళ్ల గడువుంది. ఇంటికి సంబంధించినదైతే ఒక్క ఏడాదే. తర్వాత చూద్దాంలే అనుకుంటూ ఆ ఏడాదిని పోగొట్టుకోకండి.

• ‘ఇల్లు వేరేవాళ్లకు ఇచ్చేశాం’ అని యజమాని పంపిన సందేశం, మరునాడు కూడా అదే ఇంటికి కనిపిస్తున్న ప్రకటన: రెండింటినీ తేదీ, సమయం కనబడేలా భద్రపరచండి. ఎవరేమన్నారో అదే రోజు, అవే మాటల్లో రాసుకోండి. నెల తిరిగేసరికి మాటలు మారిపోతాయి, మన జ్ఞాపకంలో కూడా.

• ఆంతరంగిక సంభాషణను చాటుగా రికార్డు చేయకండి. అక్కడ అందరి అనుమతీ లేకుండా అలా చేయడం నేరం. మనవాళ్లకు ఈ అలవాటు ఎక్కువ కనుక మరీ మరీ చెబుతున్నాను.

• దావా వేసే హక్కు పత్రాన్ని (మీరే నేరుగా కోర్టుకు వెళ్లేందుకు శాఖ ఇచ్చే పత్రం) వెంటనే ఇమ్మని అడిగితే శాఖ ఇక దర్యాప్తు చేయదు. లాయరుతో మాట్లాడాకే ఆ దారి ఎంచుకోండి.

• ఇంగ్లీషు ఇబ్బందైతే దుబాసీ కావాలని శాఖను అడగండి.

• వీసా భయంతో వెనక్కి తగ్గకండి. వలస స్థితి ఏదైనా రాష్ట్ర వివక్ష నిరోధక చట్టం వర్తిస్తుంది. ఫిర్యాదు చేశారని కక్ష సాధించడమూ చట్టవిరుద్ధమే. కులం పేరుతో అవమానించినా మౌనంగా ఉండకండి. 2020లో ఇదే శాఖ కులవివక్ష ఆరోపణపై ఒక పెద్ద టెక్ కంపెనీ మీద దావా వేసింది.