మ్యూల్ డీర్ వేట – నాలుగో పాఠం: వెంట ఆరేళ్ళ పాప వచ్చే రోజు

గత మూడు పాఠాల్లో మ్యూల్ డీర్ అనే జింకల వేటకు అమెరికాలోని కొలరాడో రాష్ట్రపు లైసెన్సుకు దరఖాస్తు పెట్టడం, రైఫిల్‌ను నూరు గజాల దగ్గర సరిచూసుకోవడం, మ్యాపు మీద కొండను చదవడం అయ్యాయి. కిందటి పాఠం చివర ఇచ్చిన పని చేసి ఉంటే మీ మ్యాపు మీద ఇప్పుడు మూడు చుక్కలు ఉండాలి. బైనాక్యులర్స్ పెట్టుకుని కూర్చోవడానికి మూడు చోట్లు. ఈ పాఠంలో వాటిలో రెండింటిని కొట్టేస్తాం, ఎందుకంటే ఈసారి వెంట ఆరేళ్ళ పాప వస్తోంది.

పెద్ద కొమ్ముల పోతు కోసం నాలుగు మైళ్ళు ఎక్కే రోజు వేరే పెట్టుకోండి. పాపను వెంటేసుకుని ఆ వేటే చేద్దామనుకుంటే వేటా సాగదు, పాపకూ మళ్ళీ రాబుద్ధి పుట్టదు. ఈ రోజున దూరం, సమయం, తూటా పేల్చాలా వద్దా అన్నది, అన్నీ పాప ఓపికను బట్టే లెక్కగడతాం.

ఎవరెవరు వెళ్ళాలి

పెద్దవాళ్ళు ఇద్దరు తప్పనిసరి. ఒకరిది రైఫిల్, ఒకరిది పాప. దెబ్బ తిన్న జింక పొదల్లోకి పోతే వెతికి పట్టుకోవడం వేటగాడి బాధ్యత. రెండు గంటలు పట్టొచ్చు, లోయ దిగాల్సి రావొచ్చు. అప్పుడు పాపను ఒక్కదాన్నే ఎక్కడా కూర్చోబెట్టలేరు. రెండో మనిషి దొరకని రోజు రైఫిల్ ఇంట్లో పెట్టి, బైనాక్యులర్స్ మాత్రమే పట్టుకెళ్ళండి.

మొదటి పాఠంలో చెప్పిన సంగతి ఇక్కడ మళ్ళీ అవసరం పడింది. హెచ్-1బి, హెచ్-4 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ పట్టుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉండటం అందులో ఒక మినహాయింపు. మీకు లైసెన్సు ఉండి మీ ఆవిడకు లేదనుకోండి. పాప బూటు లేసు కట్టడానికి వంగుతూ "ఇది కాస్త పట్టుకో" అని రైఫిల్ ఆమె చేతికి ఇవ్వకూడదు. తూటాలు తీసేసి, బోల్టు (తూటాను గొట్టంలోకి నెట్టి మూసే కడ్డీ) తెరిచి, నేల మీద పడుకోబెట్టి, అప్పుడు లేసు కట్టండి.

కొలరాడోలో జింకల వంటి పెద్ద జంతువుల వేటకు కనీస వయసు 12 ఏళ్ళు. కాబట్టి పాప చూడటానికే వస్తోంది. రైఫిల్ సీజనులో వేటగాడి ఒంటి మీద నడుముకు పైన 500 చదరపు అంగుళాల మేర ఫ్లోరొసెంట్ నారింజ లేదా గులాబీ రంగు ఉండాలి, తల మీద అదే రంగు టోపీ ఉండాలి. పాపకూ, రెండో మనిషికీ అదే తొడగండి. ఆ కొండ మీద వేరే వేటగాళ్ళూ ఉంటారు.

మూడు చుక్కల్లో ఏది మిగలాలి

బండి ఆపే చోటు నుంచి మైలు దాటిన చుక్కను కొట్టేయండి. మైలు లోపలే ఉన్నా నాలుగువందల అడుగులకు మించి ఎక్కాల్సి వస్తే దాన్నీ కొట్టేయండి. వేసవిలో పార్కులో రెండు మైళ్ళు గంతులేసిన పిల్ల, నవంబరు తెల్లవారుజామున చీకట్లో, నాలుగు పొరల బట్టల్లో, సేజ్‌బ్రష్ పొదల మధ్య అందులో సగమే నడుస్తుంది. ఎత్తుకుందాంలే అనుకోవద్దు. రైఫిల్ ఉన్న మనిషి ఒంటి మీద పాప ఉండకూడదు. ఎత్తుకోవాల్సింది రెండో మనిషే, 45 పౌండ్ల పిల్లను వాలు మీద ఆయన ఎంతసేపు మోయగలడో ముందే చూసుకోండి.

మిగిలిన చుక్క ఎదురువాలుకు అర మైలు నుంచి మైలు దూరంలో ఉంటే మంచిది. మ్యూల్ డీర్ చెవులు కంచరగాడిద చెవుల్లా పెద్దవి, ఆ పేరు అందుకే వచ్చింది. రెండువందల గజాల్లో ఉంటే పాప మాటలు వాటికి వినబడొచ్చు. ముప్పావు మైలు దూరంలో మామూలు గొంతుతో మాట్లాడినా ఫరవా లేదు. పిల్లను "ష్" అంటూ మూడు గంటలు కూర్చోబెట్టే బాధ దూరం వల్లే తప్పుతుంది. అయితే కదలిక దూరానికీ కనిపిస్తుంది. గట్టు మీద ఆకాశానికి ఎదురుగా నిలబడితే జింక తల ఎత్తుతుంది. గట్టు అంచుకు పది పదిహేను అడుగుల కిందికి దిగి, వీపు బండకో జూనిపర్ చెట్టుకో ఆనించి కూర్చోండి. అంచుకు అవతలి పక్కన, జింకలకు కనబడని వైపు, పాప ఆడుకునేందుకు చదునైన జాగా ఉండాలి. ఇరవై నిమిషాలు చూడటం, పది నిమిషాలు అవతలికి వెళ్ళి ఆడుకోవడం. ఆ ఆటజాగా లేని చుక్క ఎంత మంచిదైనా ఈ రోజుకు పనికిరాదు.

ఎండ సంగతి చాలామంది తప్పు లెక్క వేస్తారు. పొద్దున ఎదురువాలు తూర్పు ముఖంగా ఉంటే వెలుతురు దాని మీద పడుతుంది, జింకలు బాగా కనిపిస్తాయి, చలి ఉదయాల్లో అవి అక్కడే ఎండ కాచుకుంటాయి కూడా. కానీ దాన్ని చూస్తూ మీరు కూర్చునేది పడమటి ముఖపు వాలు. అక్కడికి ఎండ చాలా ఆలస్యంగా వస్తుంది. పెద్దవాళ్ళు ఓర్చుకుంటారు, కదలకుండా కూర్చున్న పాప గంటలో వణుకుతుంది. అందుకే వాలు మధ్యలో కాక పైన, గట్టు దగ్గర కూర్చోమనేది. అక్కడికి ఎండ ముందుగా చేరుతుంది.

గాలి కూడా చూసుకోవాలి. తెల్లవారుజామున చల్లగాలి వాలు వెంట కిందికి జారుతుంది, ఎండ పడి నేల వేడెక్కాక పైకి తిరుగుతుంది. మీ వాసన జింక పక్కకు పోకూడదు. చిన్న సీసాలో టాల్కం పౌడరు పోసి పాప చేతికివ్వండి. పది నిమిషాలకోసారి పిసికి, పొడి ఎటు పోయిందో చెప్పడం పాప పని. ఇది ఉత్తుత్తి పని కాదు, దగ్గరికి వెళ్ళాలా ఆగాలా అనేది ఆ పొడే తేలుస్తుంది.

పాప కళ్ళకు బైనాక్యులర్స్

"రెండు గుండ్రాలు కనబడుతున్నాయి", "నల్లగా ఉంది" అని పాప అంటే మారాం అనుకోవద్దు. పెద్దవాళ్ళ బైనాక్యులర్స్ చాలావరకు రెండు కంటిగొట్టాల మధ్య 56 మిల్లీమీటర్ల కంటే దగ్గరికి ముడుచుకోవు. ఆరేళ్ళ పాప కళ్ళు అంతకంటే దగ్గరగా ఉంటాయి. మధ్యలో రెండు కీళ్ళున్న చిన్న రకం, ఎనిమిది రెట్లు చూపేది కొనండి. కొనేముందు పాప కళ్ళకు పెట్టి, గుండ్రం ఒక్కటే కనబడుతోందా అని అడగండి. మీది పది రెట్లది, ట్రైపాడ్ మీద. పాపకు చూపించేటప్పుడు ట్రైపాడ్‌ను పాప కూర్చున్న కంటి ఎత్తుకు దించి, ఒక్క గొట్టంలోంచి చూడమనండి.

జింక కోసం వెతకమంటే పాపకు ఏమీ కనబడదు. ముక్కలు వెతకమనండి. పొదలన్నీ నిలువుగా ఉన్నచోట అడ్డంగా ఒక గీత, అది వీపు కావొచ్చు. తెల్లటి పిర్ర, దాని మీద నల్ల కొస ఉన్న సన్నని తోక. ఊగని కొమ్మల మధ్య ఊగిన చెవి. ఎడమ నుంచి కుడికి, ఒక్కో చూపుకు ఐదు లెక్కపెట్టి పక్కకు జరగడం నేర్పండి. పొద్దెక్కి తొమ్మిదిన్నర, పది అయ్యాక జింకలు నీడకు చేరి పడుకుంటాయి. అప్పుడు చూడాల్సింది జూనిపర్ల మొదళ్ళు.

ఆఖరి తూటా వేళ

ఈ పాఠంలో గుండెకాయ ఈ లెక్కే. బండికి మైలు దూరంలో పెద్ద పోతు పడిందనుకోండి. తోలు తీసి విడగొట్టడానికి చేయి తిరిగినవాళ్ళకు రెండు గంటలు. ఎముక తీసిన మాంసం 70, 80 పౌండ్ల దాకా తూగుతుంది, తల, కొమ్ములు వేరే. రెండో మనిషి పాపతో ఉంటారు కాబట్టి మోసేది ఒక్కరే, రెండు మోతలు. ఒకటి బయటికి, ఖాళీగా వెనక్కి, మళ్ళీ బయటికి, మొత్తం మూడు మైళ్ళు. బరువుతో మైలుకు గంట వేసుకుంటే మూడు గంటలు. వెరసి ఐదు.

మూడో రైఫిల్ సీజను నవంబరులో వస్తుంది. నవంబరు రెండో వారానికల్లా కొలరాడో వాయవ్యాన పొద్దు ఏడింటికి కాస్త ముందు పొడుస్తుంది, ఐదులోపే గుంకుతుంది. పొద్దుపొడుపుకు అరగంట ముందు నుంచి పొద్దుగుంకిన అరగంట దాకా కాల్చడానికి చట్టం ఒప్పుకుంటుంది. పాపతో వచ్చిన రోజు ఆ సాయంత్రపు అరగంట మీది కాదు. ఐదింటికి బండిలో ఉండాలంటే ఆఖరి తూటా పన్నెండింటికి. జాడ వెతకడానికి ఒక గంట పక్కన పెడితే పదకొండు. పదకొండు దాటాక ఎంత మంచి పోతు వచ్చి నిలబడినా పాపకు చూపించి ఊరుకోండి. ఈ సీజనుకు ట్యాగ్ (ఒక జింకను వేటాడే అనుమతి చీటీ) దొరకడం కష్టమే, కానీ ఆ రోజుల్లో జత కోసం పోతులు తిరుగుతూ ఉంటాయి, పొద్దెక్కాక కూడా కనబడతాయి. తెల్లవారక ముందే పిల్లను లేపలేని ఇంటికి ఇది పెద్ద వెసులుబాటు.

దూరం కూడా ముందే కట్టేసుకోండి. ఆ రోజు రెండువందల గజాలు దాటి కాల్చవద్దు, ఆనిక లేకుండా కాల్చవద్దు. ఎదురువాలు మీద జింక దొరికితే దగ్గరికి పాకుతూ వెళ్ళేది రైఫిల్ మనిషి ఒక్కరే. పాప, రెండో మనిషి గట్టు మీద నుంచి కదలకూడదు. వాళ్ళెక్కడున్నారో తెలియని క్షణంలో బోల్టు మూయకూడదు.

చెవులు, నడక వరుస

రైఫిల్ మోత 150 డెసిబెల్స్ దాటుతుంది, 140 దగ్గరే చెవికి శాశ్వత దెబ్బ. దగ్గర్లో కాల్చే పని పడితే పాప మీకు ఆరడుగులైనా సరిగ్గా వెనక, భుజం మీద రెండో మనిషి చేయి. పక్కన అసలు వద్దు. గొట్టం కొసన మజిల్ బ్రేక్ ఉంటే విప్పేయండి, అది మోతను పక్కలకూ వెనక్కీ కొడుతుంది. ఇయర్ మఫ్స్ ఉన్ని టోపీ మీద పెడితే అంచు దగ్గర సందు పడి మోత లోపలికి వస్తుంది. ముందు ఒట్టి చెవుల మీద మఫ్స్, వాటి మీద టోపీ. జుంకీలు ఇంట్లో తీసేయండి. జడ చెవి మీదుగా రాకుండా వెనక్కి వేయండి. మఫ్స్ పడ్డాకే బోల్టు.

నడిచేటప్పుడు రైఫిల్ మనిషి ముందు, మధ్యలో పాప, వెనక రెండో మనిషి. చాంబర్ (గొట్టం మొదట్లో తూటా కూర్చునే చోటు) ఖాళీ. రైఫిల్‌ను గొట్టం కిందికి ఉండేలా తగిలించుకోవద్దు, కొమ్మ కింద వంగిన ప్రతిసారీ అది వెనక వచ్చే పాప వైపు తిరుగుతుంది.

చలి, తిండి, అవసరాలు

ఒంటికి తగిలే బట్ట ఉన్నిదో పాలియెస్టరో కావాలి, నూలు తడిస్తే ఆరదు. రెండు జతల మేజోళ్ళు ఇరికిస్తే బూటు బిగిసి కాలు ఇంకా చల్లబడుతుంది. కింద పరుచుకునే ఫోమ్ చాప మరచిపోవద్దు. ఒళ్ళంతా కప్పే ఒకే ముక్క స్నో సూట్ వద్దు, ఒంటికి వెళ్ళాలంటే పాపను చలిలో మొత్తం విప్పాలి. మలవిసర్జనకు నీటికి రెండువందల అడుగుల దూరంలో ఆరేడు అంగుళాల గుంట.

చిప్స్ పొట్లాల చప్పుడు కొండంతా వినిపిస్తుంది. ఇంట్లోనే గుడ్డ సంచిలోకి మార్చండి. సున్నుండలు మంచివి, చప్పుడు లేదు, బలం ఉంది. చలికి రాయిలా గట్టిపడతాయి కనుక లోపలి జేబులో పెట్టండి. ఫ్లాస్కులో వేడి చారు, పాపకు లీటరు నీళ్ళు. హ్యూస్టన్ లాంటి సముద్రమట్టపు ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు ఒక రాత్రి డెన్వర్‌లో ఆగి పైకి వెళ్ళండి. ఎత్తులో తలనొప్పి, వాంతి మొదలైతే కిందికి దిగడమే మందు. వాగే పిల్ల మాట్లాడటం మానేసి తడబడి నడిస్తే అది బుద్ధిమంతురాలు అవడం కాదు, చలి లోపలికి దిగిందని. వెంటనే బండి దగ్గరకు.

మెడలో ఈల వేసి, తప్పిపోతే చెట్టును పట్టుకుని అక్కడే నిలబడి మూడుసార్లు ఊదమని చెప్పండి.

ముందే చెప్పాల్సిన మాట

జింక "నిద్రపోయింది" అనవద్దు. చచ్చిపోతుంది, నెత్తురు వస్తుంది, ఆ మాంసం మనం తింటాం అని వారం ముందే చెప్పండి. చూడాలని లేకపోతే గట్టు అవతలే ఉండొచ్చని కూడా చెప్పండి. సెలవులకు అమ్మమ్మ ఊరు వెళ్ళినప్పుడు పాప ఈ సంగతి చెప్పకుండా ఉండదు. ఇండియాలో జింక వేట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమనీ, కొలరాడోలో ఏ కొండకు ఎన్ని ట్యాగులో లెక్క చూసి ఇస్తారనీ పాపకు అర్థమయ్యేలా చెప్పి ఉంచండి.

వచ్చే పాఠంలోపు చేయాల్సినవి

ఒక శనివారం తెల్లవారుజామున ఆ రోజు బట్టలన్నీ తొడిగి, పాపతో దగ్గరి పార్కులో మైలు నడవండి, గడియారం చూసుకోండి. తర్వాత నలభై నిమిషాలు కూర్చోండి, మఫ్స్ పెట్టి తీయడం పదిసార్లు చేయించండి. వచ్చిన సమయంతో ఆఖరి తూటా వేళ మళ్ళీ లెక్కగట్టి, చీటీ మీద రాసి రైఫిల్ బట్‌కు టేపుతో అంటించండి. ఐదో పాఠానికి కత్తి, రెండు జతల రబ్బరు గ్లవ్స్, నాలుగు గుడ్డ మాంసపు సంచులు దగ్గర పెట్టుకోండి.