కాల్ 30 సెకన్లకే కట్ అవుతోందా? నెట్ స్పీడు పెంచే ముందు మోడెమ్ చూడండి

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో, బాదేపల్లి కమీషన్ దుకాణాల్లో, మహబూబ్‌నగర్ నర్సింగ్ హోముల్లో పాత రాగి తీగ ఫోన్లు తీసేసి ఇంటర్నెట్ ఫోన్లు పెట్టుకుంటున్నారు. మంచిదే. కానీ పెట్టిన వారంలోపే వచ్చే ఫిర్యాదు ఒకటే: "మధ్యలో మాట పోతోంది." వెంటనే నెట్ ప్లాన్ 50 ఎంబీపీఎస్ నుంచి 100కు మార్పిస్తారు. డబ్బు పోతుంది, సమస్య మాత్రం పోదు.

ఒక్క కాల్‌కు కావలసింది అటు 100, ఇటు 100 కేబీపీఎస్ లోపే. పది మంది ఒకేసారి మాట్లాడినా 1 ఎంబీపీఎస్ చాలు. అందుకే స్పీడు సంగతి తర్వాత చూద్దాం. ముందు సెల్లులో స్టాప్‌వాచ్ పెట్టి ఒక కాల్ చేయండి. ఎన్నో సెకనుకు తెగింది? ఎవరి మాట ఎవరికి వినపడలేదు? ఈ రెండూ కాగితం మీద రాసుకున్నాకే ఎవరికైనా ఫిర్యాదు చేయండి. రెండు నిమిషాల పని ఇది. దీన్ని వదిలేసి రోజుల తరబడి తిప్పలు పడేవాళ్లే ఎక్కువ.

సమస్య: కాల్ కలుస్తుంది, 30 సెకన్లు దాటగానే తెగుతుంది. లేదా ఒకవైపే వినిపిస్తుంది. లేదా బయటి కాల్ వచ్చినా ఫోన్ మోగదు

చూడ్డానికి మూడు వేరు వేరు జబ్బులు. చాలాసార్లు దొంగ ఒకడే: మోడెమ్‌లోని సిప్ ఏఎల్‌జీ అనే సెట్టింగు. సిప్ అంటే ఇంటర్నెట్ ఫోన్లు కాల్ కలపడానికి, తెంపడానికి వాడే భాష; ఆ సందేశాలను మోడెమ్ మధ్యలో దిద్దే సెట్టింగే ఏఎల్‌జీ. చాలా మోడెమ్‌లలో ఇది మొదటి నుంచే ఆన్‌లో వస్తుంది.

ఇది చేసే పని చూడండి. మీ ఫోన్‌కు ఆఫీసు లోపల 192.168తో మొదలయ్యే ఒక ఐపీ అడ్రసు ఉంటుంది. బయటి ప్రపంచానికి కనపడే అడ్రసు వేరు. ఫోన్ పంపే సిప్ సందేశం లోపల కూడా "నా మాట ఇక్కడికి పంపండి" అని అడ్రసు రాసి ఉంటుంది. ఏఎల్‌జీ దాన్ని దిద్దబోతుంది. కవరు మీద అడ్రసు మార్చాల్సినవాడు కవరు చించి లోపలి ఉత్తరంలోనూ చేయి పెట్టినట్టు. ఇప్పటి ఫోన్ సర్వర్లు ఈ అడ్రసు తేడాను తామే సర్దుకుంటాయి. ఏఎల్‌జీ మధ్యలో దూరి దాన్ని ఇంకోసారి మార్చేసరికి మాట ఎటు పోవాలో అటు పోదు. ఒకవైపే వినపడటం అక్కడి నుంచే వస్తుంది.

30 సెకన్ల లెక్కకు కూడా కారణం ఉంది. కాల్ ఎత్తినప్పుడు, ఎత్తిన వైపు నుంచి "ఎత్తాం" అని కబురు పోతుంది. దానికి "సరే, అందింది" అని తిరుగు కబురు రావాలి. ఏఎల్‌జీ పాడుచేసిన అడ్రసు వల్ల అది దారిలోనే ఆగిపోతే, ఎత్తిన వైపు యంత్రం 32 సెకన్లు ఎదురుచూసి కాల్ తెంపేస్తుంది. 2002 నాటి సిప్ ప్రమాణంలోనే ఈ గడువు ఉంది. మీ కాగితం మీద ప్రతిసారీ 30, 32 అని పడుతుంటే నెట్ బాగానే ఉందని, మోడెమ్ బాగా లేదని అర్థం. నెట్ వల్ల తెగే కాల్ ఒకసారి 10 సెకన్లకు, ఒకసారి 4 నిమిషాలకు తెగుతుంది. ఇలా గడియారం పెట్టినట్టు తెగదు.

రూఢి చేసుకోవడం తేలిక. అదే ఫోన్ ఖాతాను సెల్లులోని సాఫ్ట్‌ఫోన్ యాప్‌లో (సెల్లునే ఇంటర్నెట్ ఫోన్‌గా మార్చే యాప్) వేసి, ఆఫీసు వైఫై ఆపి, మొబైల్ డేటా మీద కాల్ చేయండి. నిమిషం దాటినా మాట సాగితే సర్వరుది తప్పు కాదు, మీ మోడెమ్‌దే.

పరిష్కారం: బ్రౌజర్‌లో 192.168.1.1 (మోడెమ్ కింద అతికించిన స్టిక్కరు మీద వేరే నంబరుంటే అది) కొట్టి లాగిన్ అవ్వండి. ఏఎల్‌జీ అనే పేజీ సెక్యూరిటీలోనో, అప్లికేషన్‌లోనో, అడ్వాన్స్‌డ్‌లోనో ఉంటుంది. అక్కడ సిప్ ఎదురుగా ఉన్న టిక్ తీసి సేవ్ చేయండి. ఇక్కడితో ఆగిపోయి "తీసేశాను, అయినా అంతే" అంటారు చాలామంది. పాత కనెక్షన్లు మోడెమ్ జ్ఞాపకంలో ఇంకా ఉంటాయి. మోడెమ్ కరెంటు తీసి, ఒక నిమిషం ఆగి పెట్టండి. అది లేచాక ఫోన్లను కూడా ఒక్కొక్కటిగా ఆపి ఆన్ చేయండి.

ఫైబర్ మోడెమ్ వెనక మీ సొంత రూటర్ కూడా ఉంటే రెండింట్లోనూ తీయాలి. మీ లాగిన్‌కు ఆ పేజీ కనపడకపోతే నెట్ ఇచ్చినవాళ్లను బ్రిడ్జి మోడ్ (మోడెమ్ తాను కల్పించుకోకుండా నెట్‌ను నేరుగా మీ రూటర్‌కు వదిలేయడం) పెట్టమని అడిగి, ఏఎల్‌జీ తీయగలిగే రూటర్ మీరు పెట్టుకోండి. అదీ కుదరకపోతే ఫోన్‌లో సిప్‌ను టీఎల్‌ఎస్‌కు (సందేశాలకు తాళం వేసి పంపే పద్ధతి) మార్చండి. మీకు ఇంటర్నెట్ ఫోన్ సర్వీసు ఇచ్చే కంపెనీ ఒప్పుకోవాలి. అప్పుడు సందేశం తాళం వేసి పోతుంది, ఏఎల్‌జీ చదవలేదు.

ఇక దీంట్లో అసలు మోసం. మూడు నెలలు హాయిగా నడిచి, ఒక వాన కురిసిన రాత్రి తర్వాత మళ్లీ 30 సెకన్ల కథ మొదలవుతుంది. నెట్ రాకపోతే లైన్‌మన్ వచ్చి మోడెమ్ వెనక సన్న బొక్కలో పిన్ను గుచ్చి రీసెట్ కొట్టి పోయుంటాడు. సెట్టింగులన్నీ మొదటికొచ్చాయి, ఏఎల్‌జీ ఆన్. నెట్ కంపెనీ దూరం నుంచే కొత్త సెట్టింగులు పంపినా ఇదే జరగొచ్చు. మోడెమ్ మీద ఒక కాగితం అతికించండి: "రీసెట్ కొడితే సిప్ ఏఎల్‌జీ ఆఫ్ చేయాలి." గుమస్తా మారినా, లైన్‌మన్ మారినా ఆ కాగితం ఉంటుంది.

ఏఎల్‌జీ తీశాక కూడా గంటసేపు ఊరకే ఉన్న ఫోన్‌కు బయటి కాల్ రాకపోతే, ఫోన్‌లో కీప్ అలైవ్ అనే చోట 20 లేదా 30 సెకన్లు పెట్టండి. ఖాళీగా ఉన్న దారిని మోడెమ్ మూసేయకుండా అది తట్టి లేపుతుంటుంది.

సమస్య: మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది, అదీ కొన్ని వేళల్లోనే

ఆ వేళలో ఏం నడుస్తోందో చూడండి. సీసీ కెమెరా వీడియోలు క్లౌడ్‌కు ఎక్కుతుంటాయి, లేదా సాయంత్రం లెక్కల బ్యాకప్ పోతుంటుంది. అప్‌లోడ్ నిండిపోతుంది. బ్యాకప్ రాత్రి పదింటికి మార్చండి, రూటర్‌లో ఫోన్లకు ముందు వరుస ఇవ్వండి. ఫోన్‌ను వైఫై మీద నడపకండి, కేబుల్ వేయండి. కాటా గది ఆఫీసుకు 100 మీటర్ల కంటే దూరముంటే మామూలు లాన్ కేబుల్ పనికిరాదు, ఫైబర్ లాగాలి.

సమస్య: కరెంటు పోగానే ఫోన్లన్నీ చచ్చాయి

పాత ఫోన్‌కు ఎక్స్ఛేంజి నుంచే 48 వోల్టుల కరెంటు వచ్చేది, అందుకే చీకట్లోనూ మోగేది. ఇప్పుడు మోడెమ్, రూటర్, ఫోన్ల కేబుళ్లు కలిసే నెట్‌వర్క్ స్విచ్, ఫోన్ నాలుగూ బతికుండాలి. "ఇన్వర్టర్ ఉంది కదా" అంటారు. ఇన్వర్టర్ ఆఫీసులో, మోడెమ్ గోడౌన్ గోడ మీద! ఒకసారి మెయిన్ దించి, ఏ లైట్లు వెలుగుతున్నాయో నడిచి చూడండి. ఇన్వర్టర్ అందుకునే ఆ అర సెకనుకే మోడెమ్ రీస్టార్ట్ అవుతుంటే దానికి విడిగా ఒక చిన్న యూపీఎస్ పెట్టండి.

సమస్య: పాత నంబరు పోయింది

పోయాక దారి కష్టం. ముందే జాగ్రత్త పడాలి. మొబైల్ నంబరులా ల్యాండ్‌లైన్ నంబరును ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మార్చుకునే వీలు మన దగ్గర లేదు. అదే కంపెనీ ఫైబర్‌కు మారుతుంటే పాత నంబరు ఇస్తారేమో దరఖాస్తు పెట్టే రోజే అడిగి, రాయించుకోండి. లేదా పాత లైను ఉంచి ఎఫ్ఎక్స్ఓ గేట్‌వే (పాత ఫోన్ తీగను ఇంటర్నెట్ ఫోన్లకు కలిపే పెట్టె) ద్వారా కొత్త ఫోన్లలోకి తెచ్చుకోండి. బిల్లు బుక్కుల మీద, బోర్డు మీద, లారీ ట్రాన్స్‌పోర్టు వాళ్ల డైరీల్లో పాత నంబరే (మిర్యాలగూడలో అయితే 08689తో మొదలయ్యేది) ఉంటుంది. కొత్త ఫోన్లు ఒక నెల సరిగా నడిచేదాకా పాత లైను సరెండర్ చేయకండి. ఆ లైనుకు ఫ్యాక్సో, దొంగల అలారమో, లిఫ్టు ఫోనో తగిలించి ఉందేమో తీగ పట్టుకుని చివరిదాకా చూడండి.

మిగతావి చిన్నవి. బ్యాంకు కాల్‌లో "1 నొక్కండి" అంటే తీసుకోకపోతే ఫోన్ సెట్టింగుల్లో డీటీఎంఎఫ్‌ను (నొక్కిన అంకెలను అవతలికి పంపే పద్ధతి) ఆర్‌ఎఫ్‌సీ 2833కు మార్చండి. ఫ్యాక్స్ పోకపోతే టీ.38 (ఇంటర్నెట్ మీద ఫ్యాక్స్ పంపే పద్ధతి) ఉందేమో ఫోన్ కంపెనీని అడగండి, లేదంటే స్కాన్ చేసి మెయిల్ పెట్టండి. మన మాటే మనకు తిరిగి వినిపిస్తే అవతలివాళ్ల స్పీకర్ తగ్గించమనండి. ఇవేవీ కాకపోతే కాల్ చేసిన సమయం, రెండు నంబర్లు, ఎన్నో సెకనుకు తెగిందో రాసిన ఆ కాగితం ఫొటో తీసి ఫోన్ కంపెనీకి పంపండి. వాళ్ల సర్వర్ లాగ్‌లో ఆ కాల్ దొరుకుతుంది.