హెర్మిట్ క్రాబ్ ఇసుకలో దూరిందా? తవ్వకండి

ఇంట్లో పెంచుకునే హెర్మిట్ క్రాబ్ (ఖాళీ నత్తగుల్లను ఇల్లుగా చేసుకుని బతికే పీత) ఇసుకలో దూరి వారాల తరబడి బయటికి రాకపోతే, చచ్చిపోయిందేమోనని టెన్షన్ పడి తవ్వేయకండి. లోపల కుబుసం విడుస్తూ ఉంటుంది. అప్పుడు ఒళ్లంతా మెత్తగా ఉంటుంది కాబట్టి కదిలిస్తే ప్రాణం మీదకొస్తుంది. విడిచిన పొరను కాల్షియం కోసం అదే తినేస్తుంది, పైన కనబడినా తీసి పారేయొద్దు. నిజంగా చనిపోతే కుళ్లిన చేపల కంపు కొడుతుంది, అది దాచినా దాగదు!

ఇసుక కనీసం 6 అంగుళాల మందాన పోయండి. గుప్పిట పడితే ముద్ద కట్టేంత తడి చాలు. తడపడానికైనా తాగడానికైనా క్లోరిన్ పోగొట్టిన నీళ్లే వాడండి. పెరిగాక ఇల్లు మారడానికి, ఇప్పుడున్న దానికంటే కాస్త పెద్ద సైజు ఖాళీ నత్తగుల్లలు పక్కన రెండు మూడు ఉంచండి. షాపుల్లో దొరికే రంగులేసినవి మాత్రం వద్దు, ఆ పెయింట్ పెచ్చులూడి దాని కడుపులోకి పోతుంది.