విల్లీస్ జీపు సెల్ఫ్ బరువుగా తిరుగుతుంటే: నా అనుభవం

మా రాజోలు జీపు 1944 విల్లీస్ ఎంబీ. రంగులేయించాక సెల్ఫ్ (ఇంజనును తిప్పి స్టార్ట్ చేసే మోటారు) మూలుగుతూ తిరిగేది, ఇంజను అందుకునేది కాదు. కొత్త బ్యాటరీ, బ్రష్షులు, రీవైండింగ్, అన్నీ దండగే.

చివరికి వోల్టు మీటరు ఒక కొస బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఇంజను బ్లాకు మీద పెట్టి సెల్ఫ్ కొట్టించాను. దాదాపు సున్నా రావాల్సిన చోట ఒకటిన్నర వోల్టు, అంటే అంతా దారిలోనే పోతోంది! అసలు ఉన్నదే 6 వోల్టుల బండి. ఇంజను కూర్చునేది రబ్బరు మౌంటింగుల మీద, కాబట్టి కరెంటు బ్యాటరీకి వెనక్కొచ్చే దారి ఇంజను నుంచి ఛాసిస్‌కి (బండి ఇనుప చట్రానికి) బిగించిన ఎర్త్ పట్టీయే. విప్పితే దాని కింద ఆకుపచ్చ రంగు, రంగు కింద తుప్పు. రెండు కొసల దగ్గరా ఇనుము తెల్లగా మెరిసేదాకా ఎమరీతో గీకి, లావు పట్టీ బిగించి, పైన వాజిలిన్ పూశాను (మా ఉప్పుగాలికి అది తప్పదు). ఇప్పుడు సెల్ఫ్ స్విచ్ కాలితో నొక్కీనొక్కగానే అందుకుంటోంది.

12 వోల్టులకు మార్చిన బళ్లలో ఇంత తేడా కనిపించకపోవచ్చు. సెల్ఫ్ బుష్‌లు (లోపలి ఇరుసు తిరిగే గొట్టాలు) అరిగినా లక్షణం ఇలాగే ఉంటుంది.